గండికోటలో గ్రానైట్ లేదు

అందరికీ నమస్కారం.

గండికోట గురించి మాట్లాడమని నిర్వాహకులు ఫోను చేసినప్పుడు, కోట గురించా, గండి గురించా అని అడిగాను. మీ ఇష్టం అన్నారు. కోట గురించి నాకన్నా బాగా చెప్పగలవాళ్లు ఈ హాలులోనే పదిమంది ఉంటారు. పెమ్మసాని నాయకులు, మీర్ జుమ్లా, ధాన్యాగారం, మాధవరాయ ఆలయం, ఇవన్నీ కడపవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. నేను ముప్పై ఏళ్లు రాళ్ల పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. అందుకని గండి దగ్గరే ఉంటాను.

ముందుగా ఒక పాత తగాదా తీర్చుకోవాలి. గండికోట గురించి మీరు ఎక్కడ చదివినా 'ఎర్ర గ్రానైట్ కొండలను చీల్చుకుని పెన్నా ప్రవహిస్తోంది' అని ఉంటుంది. అక్కడ గ్రానైట్ లేదు. గ్రానైట్ అంటే భూమి లోతుల్లో కరిగిన ముద్ద నెమ్మదిగా చల్లారి గట్టిపడిన రాయి. దానిలో ఇలాంటి పొరలుండవు. గండి అంచున నిలబడి ఎదుటి గోడను చూడండి. ఇటుకలు పేర్చినట్టు వరసలు కనిపిస్తాయి. అది ఇసుక. ఒకప్పటి సముద్రపు ఒడ్డు ఇసుక. దాని మీద మరింత మట్టీ ఇసుకా పేరుకుని, ఆ బరువుకు నలిగి, రేణువుల మధ్య సిలికా జిగురులా పట్టి గట్టిపడింది. మామూలు ఇసుకరాయిని సుత్తితో కొడితే రేణువులు రాలతాయి. దీన్ని కొడితే పగులు రేణువుల మధ్య నుంచి కాక రేణువులను కోసుకుంటూ పోతుంది. దీన్ని క్వార్ట్‌జైట్ అంటాం. ఆ ఎరుపు కొద్దిపాటి ఇనుము తుప్పు.

నమ్మకం కుదరకపోతే ఈసారి ఫోటోలు దిగాక ఒక్క నిమిషం కిందికి వంగండి. ఈ రాతి బండల మీద కొన్నిచోట్ల సన్నటి, సమానమైన చారలుంటాయి. వేసవిలో పెన్నా పాయ ఎండిన చోట ఇసుక మీద నీళ్లు గీసి వెళ్లే చారలు చూశారు కదా, అచ్చం అవే. ఏదో ఒక రోజున లోతులేని నీళ్లలో అలలు ఇసుకను అలా సర్దాయి. ఆ తరవాత ఎవరూ చెరపలేదు.

ఆ రోజు ఎప్పటిది? ఇసుకలో జిర్కాన్ అనే ఖనిజపు రేణువులు కొన్ని ఉంటాయి. వాటిలోని యురేనియం ఎంతవరకు సీసంగా మారిందో కొలిచి రేణువు వయసు లెక్కగడతారు. ఒక మూటలోని నాణేల్లో అన్నిటికన్నా కొత్తది 1985 నాటిదైతే ఆ మూటను 1985 కన్నా ముందు కట్టి ఉండరు. అదే తర్కం. గండికోట క్వార్ట్‌జైట్‌లోని అతి చిన్న వయసు రేణువులు దాదాపు 120 కోట్ల ఏళ్ల నాటివని తేలింది. కాబట్టి ఈ ఇసుక ఆ తరవాతే చేరింది. అప్పటికి చేప లేదు, చెట్టు లేదు, నేల మీద గడ్డిపోచ కూడా లేదు.

భారతదేశపు గ్రాండ్ కాన్యన్ అనే బిరుదు నాకు మొదటినుంచీ నచ్చదు. లోతులో దానికీ దీనికీ పోలికే లేదు. అక్కడ కిలోమీటరున్నర పైన, ఇక్కడ మూడు వందల అడుగులు. కానీ అమెరికా గండి పై అంచున ఉన్న సున్నపురాయి వయసు 27 కోట్ల ఏళ్లే. గండికోట రాతి అంత పాత రాతిని వెతకాలంటే అక్కడ అడుగుకు దిగాలి. ఇక్కడ కారు దిగితే చాలు, చెప్పుల కింద ఉంటుంది.

ఇక కొండను నది ఎలా కోసింది? చుట్టూ తిరిగి పోవచ్చు కదా అని పిల్లలు అడుగుతారు, మంచి ప్రశ్న. నేల ఇప్పటికన్నా ఎత్తుగా ఉన్న రోజుల్లోనే పెన్నాకు దారి ఏర్పడింది. చుట్టూ ఉన్న మెత్తటి రాళ్లు అరిగి కిందికి దిగుతుంటే గట్టి క్వార్ట్‌జైట్ కొండగా మిగిలింది. అప్పటికే తన దారిలో స్థిరపడ్డ నది రంపంలా అక్కడే కోసుకుంటూ దిగింది. రాయికి నిలువుగా, ఒకదానికొకటి అడ్డంగా బీటలున్నాయి. వరద ఆ బీటల్లో వేలుపెట్టి దిమ్మెలను ఊడబెరికింది. అందుకే గోడలు ఏటవాలుగా కాకుండా నిట్టనిలువుగా, చెక్కినట్టు ఉంటాయి. నది వయసు ఆ రాతి వయసుతో పోలిస్తే నిన్నటిది.

ఇంతవరకు విన్నాక ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, శిలాజాలు ఎక్కడున్నాయి సార్ అని. ఆ ప్రశ్న కోసమే మిమ్మల్ని గండి నుంచి కొంచెం పక్కకు తీసుకెళ్తాను.

మన జిల్లా కింద ఉన్న ఈ రాతి పొరలన్నీ కలిపి కడప బేసిన్ అంటారు. నెలవంక ఆకారంలో దాదాపు 44 వేల చదరపు కిలోమీటర్లు. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త వీటి మీద పెద్ద నివేదిక ప్రచురించాడు. ఆయన పెట్టిన పేర్లలో చాలావాటిని ఇంకా వాడుతున్నాం. ఇక్కడి పొరలు చదునుగా లేవు, వాలుగా పేర్చిన పెంకుల్లా ఈశాన్యం వైపు వంగి ఉన్నాయి. దీనివల్ల మనకో సౌకర్యం ఉంది. పాత పొరలు చూడటానికి గొయ్యి తవ్వనక్కర్లేదు. జమ్మలమడుగు నుంచి ముద్దనూరు మీదుగా పులివెందుల వైపు వెళ్తే చాలు. రోడ్డు చదునుగానే ఉంటుంది, మీరు మాత్రం కాలంలో కిందికి దిగుతుంటారు. ముందు తాడిపత్రి పొరలు. వాటిలోకి కరిగిన ముద్దగా చొరబడి గట్టిపడిన రాయి వయసు దాదాపు 188 కోట్ల ఏళ్లు. ఆ తరవాత పులివెందుల క్వార్ట్‌జైట్. దాని కింద వేంపల్లె డోలమైట్, అంటే సున్నపురాయికి దగ్గరి చుట్టం లాంటి రాయి.

ఆ డోలమైట్‌లో ఉన్నాయి మన శిలాజాలు. ఎముకల్లేవు, గవ్వల్లేవు. కోసిన ఉల్లిపాయలా చక్రాలు చక్రాలుగా పొరలు, ఒక్కోచోట బోర్లించిన గిన్నెల్లా గుబ్బలు. మొదటిసారి చూపించినప్పుడు ఒక విద్యార్థి, "సార్, ఎవరో క్యాబేజీలు పాతిపెట్టినట్టుంది" అన్నాడు. ఇంతకన్నా మంచి వర్ణన నేను పాఠ్యపుస్తకాల్లో చూడలేదు. వీటిని స్ట్రోమటోలైట్లు అంటారు. కట్టినవి కంటికి కనిపించని జీవులు, ముఖ్యంగా సయనోబాక్టీరియా. లోతులేని వెచ్చటి నీటి అడుగున జిగట చాపలా పరచుకుంటాయి. అలలు తెచ్చిన సున్నపు మట్టి ఆ జిగటకు అంటుకుంటుంది. వెలుతురు అందక అవి మట్టిని దాటి పైకొచ్చి మళ్లీ చాప పరుస్తాయి. మళ్లీ మట్టి, మళ్లీ చాప. ఏడాదికి మిల్లీమీటరు కూడా పెరగవు. మూరెడు గుబ్బ అంటే వందల ఏళ్ల కాపురం. ఆస్ట్రేలియాలోని షార్క్ బే అనే ఉప్పునీటి అఖాతంలో ఇలాంటివి ఈనాటికీ పెరుగుతున్నాయి.

ఎండలో ఆహారం తయారుచేసుకుంటూ ఈ జీవులు వదిలిన వ్యర్థమే ఆక్సిజన్. గాలిలో అది పోగవడం 230, 240 కోట్ల ఏళ్ల కిందటే మొదలైంది. వేంపల్లెవి ఆ పనిలో తరవాతి తరాలవాళ్లు. మనం ఇప్పుడు పీలుస్తున్నది ఆ వ్యర్థాన్నే. తుమ్మలపల్లెలో యురేనియం తవ్వుతున్నది కూడా ఈ డోలమైట్ పొరల్లోనే. రాతిలో ఖనిజం ఉందంటే అందరం వింటాం, ప్రాణం ఉండేదంటే వినేవాళ్లు తక్కువ. ఇది పెద్దాయన చాదస్తం అనుకోండి.

ఎముకలే కావాలన్నవాళ్లు బేతంచెర్ల దగ్గరి బిలసుర్గం గుహలకు వెళ్లాలి. 1844లో న్యూబోల్డ్ అనే అధికారి వాటి గురించి రాశాడు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త అక్కడ తవ్వకాలు మొదలుపెట్టాడు. దొరికిన వాటిలో ఒక ఖడ్గమృగానికి కర్నూలు పేరే పెట్టారు. అవును, మన రాయలసీమలో ఖడ్గమృగం తిరిగింది. డైనోసార్ చూడాలంటే మాత్రం గోదావరి వైపు పోవాలి. పూర్వపు ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అస్థిపంజరం హైదరాబాద్‌లోని బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టి ఉంది. మన కడప రాళ్లు దానికన్నా ఎంతో పాతవి.

వెళ్లేవాళ్లకు ఒక మాట. సుత్తి తీసుకెళ్లకండి. స్ట్రోమటోలైట్ పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫోటో తీయండి, సైజు తెలుస్తుంది. పగలగొట్టి ఇంటికి తెచ్చిన ముక్క నెల తిరిగేసరికి తలుపుకు అడ్డం పెట్టే రాయి అవుతుంది. మా ఇంట్లోనే ఒకటుంది, నేను చిన్నప్పుడు తెచ్చిందే. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

ఆఖరి మజిలీ మీకు బాగా తెలిసిన చోటే. వేంపల్లె డోలమైట్ కింద, ఈ పొరలన్నిటికీ అడుగున ఉన్నదాన్ని పుస్తకాల్లో గుల్చేరు క్వార్ట్‌జైట్ అని రాస్తారు. గుల్చేరు అంటే ఇంకేదో కాదు, ఇంగ్లీషు చెవికి చిక్కిన గువ్వలచెరువు. కోవా కోసం రాయచోటి రోడ్డులో బస్సు ఆగే గువ్వలచెరువే. అక్కడి నుంచి రాయచోటి వైపు నేలంతా గ్రానైట్. ఈసారి కోవా పొట్లం కట్టించుకునేలోపు ఘాట్ రోడ్డు వైపు ఒకసారి చూడండి. గండికోటలో వెతికిన గ్రానైట్ అక్కడ ఉంది, మొత్తం కడప బేసిన్‌ను నెత్తిన పెట్టుకుని.

ప్రశ్నలుంటే అడగండి.