అండం ఊరికే కూర్చుని ఉండదండీ

అందరికీ నమస్కారం. ఫలదీకరణ అనగానే చాలామందికి గుర్తొచ్చే కథ ఒకటే, కోట్ల వీర్యకణాలు పోటీపడి ఈదుతాయి, ముందు చేరింది గెలుస్తుంది, అండం మాత్రం కదలకుండా ఎదురుచూస్తూ ఉంటుంది అని. స్కూల్లో కూడా దాదాపు ఇలానే చెప్తారు, ఈ కథ సగానికి పైగా తప్పు, అదే ఇవాళ చెప్దామని వచ్చా.

ఒకసారికి విడుదలయ్యే వీర్యకణాలు 20 కోట్ల దాకా ఉంటాయి, అండం ఉండే చోటుకి, అంటే ఫెలోపియన్ ట్యూబ్ లోపలిదాకా చేరేవి మాత్రం కొన్ని వందలే. మిగతావి యోనిలో యాసిడ్‌కి, గర్భాశయ ముఖద్వారం దగ్గర చిక్కటి మ్యూకస్‌కి, తెల్ల రక్తకణాలకి బలైపోతాయి. చేరినవైనా పూర్తిగా సొంత ఈతతో చేరలేదు, గర్భాశయం కండరాలు కూడా వాటిని పైకి నెడతాయి. ఇంకా పెద్ద విషయం ఏంటంటే, కొత్తగా వచ్చిన వీర్యకణానికి అండంలోకి వెళ్ళే శక్తే ఉండదు! ఆడవాళ్ల శరీరంలో కొన్ని గంటలు గడిపి, పై పొరలో కొలెస్ట్రాల్ తగ్గి, తోక కొట్టుకునే తీరు మారాకే రెడీ అవుతుంది. దీన్ని కెపాసిటేషన్ అంటారు, 1951లో చాంగ్, ఆస్టిన్ అనే ఇద్దరు సైంటిస్టులు ఎవరికి వారే విడిగా కనిపెట్టారు. మరి అందరికన్నా ముందొచ్చిందే గెలుస్తుందని ఎలా అంటాం?

అండం చుట్టూ జోనా పెల్యూసిడా అనే మందపాటి పొర ఉంటుంది. వీర్యకణం తలమీదున్న ఎక్రోజోమ్ అనే సంచి పగిలి ఎంజైములు బయటికొస్తాయి, వాటితో పాటు తోక బలంగా కొట్టుకుంటేనే ఆ పొర దాటుతుంది. దాటాక వీర్యకణం మీదున్న ఇజుమో అనే ప్రోటీన్‌ని అండం మీదున్న జూనో అనే ప్రోటీన్ పట్టుకోవాలి, ఈ జూనో సంగతి 2014లో గానీ తెలీలేదు చూడండి.

ఆ తర్వాత జరిగేదంతా నాకు భలే ఇష్టం. ఒక్కటి లోపలికెళ్ళగానే అండంలో కాల్షియం అలలు అలలుగా లేస్తుంది, అంచున ఉన్న చిన్న చిన్న సంచులు తమలో ఉన్నదంతా బయటికి వదిలేస్తాయి, దాంతో జోనా గట్టిపడిపోతుంది, అండం తన జూనోని కూడా వదిలించుకుంటుంది, ఇక రెండోదానికి దారి లేదు. ఎందుకంత జాగ్రత్త అంటే, రెండు దూరితే 46 ఉండాల్సిన క్రోమోజోములు 69 అవుతాయి, అలాంటి పిండం దాదాపు ఎప్పుడూ నిలబడదు.

ఇంకో సంగతి, అప్పటిదాకా అండం, క్రోమోజోముల్ని సగానికి తగ్గించే తన విభజన పూర్తి చేసుకోదు! ఆ అండం ఏ అమ్మాయిదో ఆ అమ్మాయి తన తల్లి కడుపులో ఉన్నప్పుడే మొదలై ఆగిపోయిన విభజన అది, అండం విడుదలయ్యే ముందు కొంచెం నడిచి మళ్ళీ ఆగుతుంది, వీర్యకణం వచ్చాకే మిగతాది పూర్తవుతుంది. అప్పుడే తల్లి వైపు 23 క్రోమోజోములు ఖాయమవుతాయి. తండ్రి వైపు 23లో ఎక్స్ ఉందా వై ఉందా అన్నదాన్ని బట్టే మామూలుగా ఆడా మగా తేలేది, కాబట్టి ఆడపిల్ల పుట్టిందని తల్లిని అనడంలో అసలు అర్థమే లేదు.

సముద్రపు అర్చిన్లలో, అంటే ఒంటినిండా ముళ్ళుండే సముద్ర జీవుల్లో, అండం కేంద్రకం, వీర్యకణం కేంద్రకం కలవడం 1876లో ఆస్కార్ హెర్ట్‌విగ్ అనే జర్మన్ సైంటిస్టు మైక్రోస్కోప్‌లో చూశాడు. మనుషుల్లో మాత్రం అవి అలా కలిసి ఒకటవ్వవు, పక్కపక్కకి చేరి, రెండింటి పొరలూ కరిగిపోయి, దాదాపు ఒక రోజు తర్వాత జరిగే పిండం మొదటి విభజనలోనే ఇద్దరి క్రోమోజోములూ ఒకే వరసలోకి వస్తాయి. ఇక మీ ప్రశ్నలు అడగండి.