కొత్త కారు బ్యాటరీ దిగిపోయిందా? జాబ్ కార్డ్ మీద ఇది రాయించండి

[దృశ్యం: తెల్లవారుజాము. ఇంటి ముందు కొత్త కారు. డ్రైవర్ సీట్లోంచి మీటర్ బోర్డు దగ్గరగా.]

టక్, టక్, టక్, టక్. ఈ శబ్దం విన్నారుగా? సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరగలేదు. మీటర్ బోర్డులో లైట్లన్నీ ఒక్కసారి వెలిగి మసకబారిపోయాయి. ఇదేమీ పదేళ్ల పాత బండి కాదు. మా బాబాయి దసరాకి షోరూమ్ నుంచి తెచ్చుకున్న కారు, అప్పటికి 41వ రోజు. బానెట్ మీద పూజలో వేసిన పసుపు కుంకుమ ఇంకా పూర్తిగా చెరిగిపోలేదు.

బాబాయి ఫోన్ చేసి, "ఒరేయ్, పది లక్షలు పోసి కొన్న బండిరా, తోసి స్టార్ట్ చేయాల్సి వస్తుందేమో" అన్నాడు. ఆయన రిటైర్డ్ టీచర్. రూపాయి రూపాయి కూడబెట్టి కొన్నాడు. ఆ గొంతులో బాధ నాకింకా గుర్తుంది. అందుకే ఈ వీడియో.

షోరూమ్ వాళ్లు మనిషిని పంపారు, జంప్ స్టార్ట్ చేశారు, అంటే వేరే బ్యాటరీకి వైర్లు కలిపి స్టార్ట్ చేశారు, "ఏం లేదు సార్, రోజూ కాసేపు నడపండి" అన్నారు. తొమ్మిది రోజులకి మళ్లీ అదే. ఈసారి బండి తీసుకెళ్లి, బ్యాటరీ చార్జింగ్ పెట్టి తిరిగిచ్చారు. ఇంకో వారానికి మళ్లీ. అసలు తప్పు ఎక్కడ జరుగుతోందంటే, ఈ మూడుసార్లలో ఒక్కసారి కూడా బ్యాటరీ ఎందుకు దిగుతోందో ఎవరూ చూడలేదు. బ్యాటరీ చార్జ్ చేయడం రిపేర్ కాదు. కొత్త బ్యాటరీ వేసినా సరే, కారణం కనిపెట్టకపోతే అదీ దిగిపోతుంది.

[దృశ్యం: మల్టీమీటర్. ఎర్ర వైరు ప్లస్ మీద, నల్ల వైరు మైనస్ మీద.]

ముందు మన చేతిలో ఉన్న పని చూద్దాం. మామూలు మల్టీమీటర్ ఎలక్ట్రికల్ షాపులో కొన్ని వందలకే దొరుకుతుంది. రాత్రి బండి ఆపేసి, పొద్దున్నే తాళం తిప్పకముందే బ్యాటరీ మీద వోల్టేజ్ చూడండి. 12.6 దగ్గర ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు వంతు. 12 అంటే దాదాపు అడుగంటినట్టే. ఇప్పుడు ఇంజన్ స్టార్ట్ చేయండి. మీటర్ 13.8 నుంచి 14.5 మధ్య చూపిస్తే, మనం డైనమో అని పిలిచే ఆల్టర్నేటర్ మామూలుగా చార్జింగ్ ఇస్తోందని అర్థం. కొన్ని కొత్త కార్లలో కంప్యూటరే చార్జింగ్‌ని తగ్గించి పెంచుతుంది కాబట్టి కాసేపు తక్కువ కనిపించినా కంగారు పడకండి. ఈ అంకెల్ని తేదీ, టైముతో సహా ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.

బాబాయి కారులో ఇంజన్ నడుస్తుంటే 14.2. అంటే చార్జింగ్ బాగానే ఉంది. రాత్రి 12.6 ఉన్నది పొద్దున్నకి 12.3. అంటే బండి నిద్రపోతున్నప్పుడు ఏదో కరెంటు తాగుతోంది.

ఇక్కడ కొంచెం లెక్క చెప్తాను, ఓపిక పట్టండి. ఇంజన్ ఆపి తాళం తీసేసినా బండి పూర్తిగా నిద్రపోదు. అలారం, రిమోట్ లాక్, గడియారం, లోపలి కంప్యూటర్ల జ్ఞాపకం, ఇవన్నీ కలిపి సాధారణంగా 50 మిల్లీ ఆంపియర్ల లోపే తీసుకుంటాయి. రోజుకి 1.2 ఆంపియర్ అవర్లు. బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో కొలిచే లెక్క ఇది. మామూలు పెట్రోల్ కారు బ్యాటరీ 35 నుంచి 45 ఆంపియర్ అవర్లు ఉంటుంది కాబట్టి, రెండు వారాలు బండి కదలకపోయినా మంచి బ్యాటరీ తట్టుకుంటుంది. అదే 400 మిల్లీ ఆంపియర్లు పోతుంటే? రోజుకి దాదాపు 10 ఆంపియర్ అవర్లు. మూడు రోజుల్లో ముప్పావు బ్యాటరీ ఖాళీ.

మరి కొత్త బండిలో ఎవరు తాగుతారు? ఎక్కువగా అనుమానించాల్సింది డెలివరీ రోజు హడావుడిలో బిగించే సామాన్లని. డాష్‌క్యామ్ (రోడ్డుని రికార్డు చేసే కెమెరా), జీపీఎస్ ట్రాకర్, కొత్త స్టీరియో, సీట్ల కింద రంగుల లైట్లు. ఇవి తాళం తీయగానే ఆగిపోయే లైనుకి కలపాలి. పని త్వరగా అయిపోవాలని ఎప్పుడూ కరెంటు ఉండే లైనుకి కలిపితే 24 గంటలూ తాగుతూనే ఉంటాయి. ఇవేవీ లేకపోయినా దిగుతోందంటే, లోపలి కంప్యూటర్లలో ఏదో ఒకటి నిద్రపోవడం లేదేమో చూడాలి. దానికి ఒక్కోసారి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ సరిపోతుంది. ఎర్త్ వైరు లూజు, టెర్మినల్ సరిగ్గా బిగించకపోవడం, వైర్లు కలిపే కప్లర్లో నీళ్లు చేరడం, ఇవీ ఉంటాయి.

ఇంకో కారణం చాలామందికి తెలియదు. బండి షోరూమ్‌కి రాకముందు యార్డులో నెలల తరబడి ఎండలో నిలబడి ఉండొచ్చు. అలా పూర్తిగా దిగిపోయి రోజుల తరబడి ఉన్న బ్యాటరీలో సీసపు పలకల మీద సల్ఫేట్ పొర గట్టిపడుతుంది. డెలివరీకి ముందు చార్జ్ చేస్తే 12.6 చూపిస్తుంది కానీ, లోపల సత్తువ ఉండదు. బండి తయారైన నెల, సంవత్సరం ఆర్‌సీలోనే ఉంటాయి. డెలివరీ తేదీతో పోల్చి చూడండి. తేడా ఎక్కువుంటే సర్వీస్ సెంటర్లో బ్యాటరీ టెస్టర్ పెట్టించి, అది ప్రింట్ చేసే స్లిప్ అడిగి తీసుకోండి.

[దృశ్యం: వారంటీ పుస్తకం పేజీలు తిప్పుతున్న చేయి.]

ఇప్పుడు వారంటీ. మన దగ్గర చాలా కార్లకి మూడేళ్ల వారంటీ వస్తోంది కానీ, ఆ మూడేళ్లూ బండిలోని ప్రతి వస్తువుకీ వర్తించవు. బ్యాటరీ, టైర్లకి మామూలుగా వాటిని తయారు చేసిన కంపెనీల వారంటీ వేరుగా ఉంటుంది. ఎన్ని నెలలో, ఏ షరతులో పుస్తకం వెనక పేజీల్లో ఉంటాయి. ఉదాహరణకి అమరాన్ బ్యాటరీ అయితే, మన తిరుపతి దగ్గర కరకంబాడి నుంచి మొదలైన అమరరాజా వాళ్లది. ఆ క్లెయిమ్ వాళ్ల నెట్‌వర్క్ ద్వారా నడుస్తుంది. బల్బులు, ఫ్యూజులు చాలా పుస్తకాల్లో మినహాయింపు జాబితాలోనే ఉంటాయి. ఎలుకలు వైర్లు కొరికితే వారంటీ రాదు, మీ ఇన్సూరెన్స్ పాలసీ చూసుకోండి.

బయట షాపులో హారన్ కోసమో లైట్ల కోసమో వైరు కోసి కలిపారంటే, ఆ వైరింగ్ వరకు వారంటీ పోయినట్టేనని చాలా పుస్తకాల్లో స్పష్టంగా ఉంటుంది. బయట ఏదో బిగించారు కదా అని, దానికి సంబంధం లేని భాగానికి కూడా ఊరికే "వారంటీ లేదు" అంటే ఒప్పుకోకండి. "దీనివల్లే పోయిందని రాసివ్వండి" అనండి.

[దృశ్యం: సర్వీస్ సెంటర్ కౌంటర్. జాబ్ కార్డ్ దగ్గరగా.]

ఇదే నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది. జాబ్ కార్డ్ అంటే బండి సర్వీస్‌కి ఇచ్చినప్పుడు మన కంప్లైంట్ రాసే కాగితం. బాబాయి పాత జాబ్ కార్డులు చూస్తే ఒకదాంట్లో "జనరల్ చెకప్" అని ఉంది. మొదటిసారి ఇంటికొచ్చి చేసిన జంప్ స్టార్ట్‌కి కాగితమే లేదు. అంటే రికార్డు ప్రకారం ఆయన బండికి ఏ జబ్బూ లేదు! రేపు ఎవరు అడిగినా చూపించడానికి ఏముంది?

నాలుగోసారి నేను కూడా వెళ్లాను. సర్వీస్ అడ్వైజర్ మంచి కుర్రాడే, కానీ అలవాటుగా "బ్యాటరీ చెక్" అని టైప్ చేశాడు. నేను ఇలా రాయమన్నాను: "రాత్రి ఆపిన బండి పొద్దున్న స్టార్ట్ కావడం లేదు. ఇది నాలుగోసారి. బండి ఆపి ఉన్నప్పుడు కరెంటు ఎంత పోతోందో కొలిచి, ఆ అంకె రాయాలి." కంప్యూటర్లో అన్ని అక్షరాలు పట్టవన్నాడు. పెన్నుతో రాయించి సంతకం పెట్టించుకున్నాం. ఈమాట అడగడానికి మొహమాట పడకండి. బండి తీసుకునేటప్పుడు కూడా ఏం చూశారు, ఏం మార్చారు అన్నది బిల్లు మీద రాయించుకోండి. సున్నా రూపాయల బిల్లయినా సరే తీసుకోండి.

అక్కడ తేలకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌కి జాబ్ కార్డుల ఫొటోలతో మెయిల్ పెట్టండి. ఫోన్లో చెప్పిన మాటలు గాల్లో పోతాయి. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులోనే మాట్లాడొచ్చు. అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు, షోరూమ్ ఉన్న ఊరికి తిరగక్కర్లేదు. మీరు చెల్లించిన ధర 50 లక్షల లోపైతే జిల్లా కమిషనే వింటుంది. 5 లక్షల వరకు ఫీజు లేదు, 10 లక్షల వరకు 200 రూపాయలు, 20 లక్షల వరకు 400. లాయరు తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే వేయొచ్చు. గడువు మాత్రం రెండేళ్లు.

ఒక నిజం కూడా చెప్పాలి. బండి మొత్తం మార్చి కొత్తది ఇస్తారని ఆశ పెట్టుకోకండి. పదేపదే పాడయ్యే కొత్త బండి కొన్నవాళ్ల కోసం అమెరికాలో ఉన్నట్టు లెమన్ చట్టం మనకి లేదు. వారంటీ ప్రకారం కంపెనీ బాధ్యత పాడైన భాగాన్ని బాగుచేయడం లేదా మార్చడం వరకేనని 2006లో సుప్రీంకోర్టు ఒక కారు కేసులో చెప్పింది. అదే లోపం మళ్లీ మళ్లీ వచ్చిందని కాగితాలతో చూపించగలిగితే నష్టపరిహారం అడగడానికి మీకు బలం ఉంటుంది.

ఎలక్ట్రిక్ కారు ఉన్నవాళ్లూ వినండి. వాటిలో కూడా చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, అది దిగితే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి కదలదు. దాన్ని చార్జ్ చేసే ఐసీసీయూ అనే భాగంలో సమస్య వల్లే 2024లో హ్యుందాయ్ మన దేశంలో 1,744 అయానిక్ 5 కార్లని, కియా 1,138 ఈవీ6 కార్లని బాగుచేయడానికి వెనక్కి పిలిచాయి. దీన్నే రీకాల్ అంటారు. కాబట్టి కంపెనీ వెబ్‌సైట్లో మీ చాసిస్ నంబర్ కొట్టి రీకాల్ ఉందేమో చూడండి. రీకాల్ పని ఉచితం.

[దృశ్యం: క్లాంప్ మీటర్ తెర. అంకె: 0.42.]

బాబాయి కారు సంగతి. ఆ సాయంత్రం ఎలక్ట్రీషియన్ బండికి తాళం వేసి, అరగంట నిద్రపోనిచ్చి, వైరు చుట్టూ పెట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ పెట్టాడు. 420 మిల్లీ ఆంపియర్లు. ఫ్యూజులు ఒక్కొక్కటిగా పీకుతూ వచ్చాడు. డాష్‌క్యామ్ ఫ్యూజు పీకగానే 30కి పడిపోయింది. అందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. "అది యాక్సెసరీ సార్, బండి వారంటీలోకి రాదు" అన్నారు షోరూమ్ వాళ్లు. బాబాయి సంచిలోంచి బిల్లు తీశాడు. డాష్‌క్యామ్ అమ్మింది, బిగించింది ఆ షోరూమే. బిగింపు చార్జీలతో సహా బిల్లులో ఉంది. ఇంక మాట్లాడలేదు. వైరు సరైన లైనుకి మార్చారు. ఇన్నిసార్లు పూర్తిగా దిగిన బ్యాటరీ టెస్టర్లో ఫెయిలైంది, ఆ స్లిప్ జత చేసి కొత్తది ఇప్పించారు. కారణం, కొలత, మార్చిన భాగం, మూడూ జాబ్ కార్డ్ మీద ఉన్నాయి.

బాబాయి ఇప్పటికీ ఆదివారం, బుధవారం మాత్రమే బండి తీస్తాడు. నిన్న పొద్దున్న మల్టీమీటర్ ఫొటో పంపాడు. 12.6.