జ్వరం దిగాక కంట్లో మిగిలేది

బరంపురం పెద్దలకు, గోపాలపురం, ఛత్రపురం నుంచి పనులు మానుకుని వచ్చిన అన్నలకు, అక్కలకు నమస్కారం.

"ఎక్కడో ఆఫ్రికాలో వచ్చిన ఎబోలా గురించి మన గంజాం జిల్లాలో ఎందుకు, డాక్టరుగారూ?" అని మన సంఘం కార్యదర్శి గారు అడిగారు. ఎబోలా అంటే ప్రాణాలు తీసే ఒక వైరస్ జ్వరం. నేను కంటి డాక్టర్ని. జ్వరం తగ్గిన నెలకో రెండు నెలలకో కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక, చెయ్యి అడ్డం పెట్టుకుని వచ్చేవాళ్లు నాకు తెలుసు. ఆ జ్వరానికీ ఈ కన్నుకీ సంబంధం ఉండొచ్చని వాళ్లకు తోచదు. జబ్బు తగ్గిందన్నాక కూడా మనిషిని ఎందుకు చూస్తూ ఉండాలో నాకు బాగా తెలియజెప్పింది ఎబోలాయే.

2014 సెప్టెంబరులో సియెర్రా లియోన్‌లోని కెనెమా ఊళ్లో రోగులకు వైద్యం చేస్తూ ఇయాన్ క్రోజియర్ అనే అమెరికన్ డాక్టరుకు ఎబోలా సోకింది. అట్లాంటాలోని ఎమరీ ఆసుపత్రిలో చావు అంచుదాకా వెళ్లి బతికాడు. రక్తంలో వైరస్ లేదని తేల్చి ఇంటికి పంపారు. రెండు నెలలు తిరక్కుండానే ఎడమ కన్ను మంట, నొప్పి. చూపు మసకబారింది. నీలంగా ఉండే ఆ కన్ను పచ్చరంగుకి మారిపోయింది. కంటి ముందు భాగంలోని నీటిని సూదితో కొంచెం తీసి పరీక్షిస్తే అందులో వైరస్ కనిపించింది. కన్నీటిలో మాత్రం లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను. మందులు వాడాక ఆయనకు చూపూ తిరిగొచ్చింది, కంటి రంగూ తిరిగొచ్చింది.

కంట్లోనే ఎందుకు దాక్కుంది? ఒంట్లో ఎక్కడ క్రిమి చేరినా రక్షణ కణాలు మీద పడతాయి, ఆ పోరాటంలో వాపు వస్తుంది. కాలు వాస్తే నాలుగు రోజులకు తగ్గుతుంది. కన్ను లోపల అంత వాపు వస్తే చూపే పోతుంది. అందుకే శరీరం అక్కడ తన బలగాన్ని అదుపులో ఉంచుతుంది. వృషణాల్లో, మెదడులో కూడా ఇంతే. ఆ సందు చూసుకునే వైరస్ అక్కడ తిష్ఠ వేస్తుంది. గినీలో 2021లో మళ్లీ ఎబోలా వచ్చినప్పుడు జన్యువులు పోల్చి చూశారు. అది 2014-16లో అక్కడ చెలరేగిన ఎబోలా నాటి వైరస్సే. అంటే అప్పుడు బతికి బయటపడిన ఎవరి ఒంట్లోనో అన్నేళ్లు ఉండిపోయిందన్నమాట.

కంటి లోపలి ఈ వాపునే యువియైటిస్ అంటాం. కన్ను లోపలికి చూసే మా యంత్రం, స్లిట్ ల్యాంపులో సన్నటి వెలుగు వేసి చూస్తే, పెంకుటింటి కన్నంలోంచి పడే ఎండలో దుమ్ము తేలుతుందే, అచ్చం అలాగే కణాలు తేలుతూ కనిపిస్తాయి. వదిలేస్తే కంటిపాప వెనకున్న లెన్సుకు అతుక్కుపోతుంది, శుక్లం వస్తుంది. లైబీరియాలో ఎబోలా నుంచి బతికి బయటపడినవాళ్లలో కొందరి కళ్లు పరీక్షిస్తే 26 శాతం మందికి పైగా ఈ వాపు కనిపించింది. వాళ్ల చుట్టుపక్కల మెలిగినవాళ్లలో అది 12 శాతమే.

ఇక భయం సంగతి. శుక్లం వచ్చినవాళ్లకు ఆపరేషన్ చేయాలంటే, కన్ను తెరిస్తే వైరస్ ఉంటుందేమోనని డాక్టర్లకే జంకు. చావును గెలిచి వచ్చినవాళ్లు గుడ్డివాళ్లుగా కూర్చోవాల్సిన పరిస్థితి. సియెర్రా లియోన్‌లో కొందరు పట్టుదలగా ముందు కంటి లోపలి నీటిని పరీక్షించి, వైరస్ లేదని చూసుకుని ఆపరేషన్లు చేశారు. చూపు వచ్చింది. ఆ ధైర్యానికి నేను చేతులెత్తి మొక్కుతాను. కన్నీటిలో వైరస్ లేదన్న మాట ఇక్కడే అక్కరకొస్తుంది. అలాంటి మనిషి పక్కన కూర్చున్నా, కన్నీళ్లు తుడిచినా భయపడాల్సింది లేదు.

మనకూ ఇది దూరం కాదు. 2014 నవంబరులో లైబీరియాలో ఎబోలా తగ్గి ఢిల్లీ విమానాశ్రయంలో దిగిన 26 ఏళ్ల మనవాడి రక్తంలో వైరస్ లేదు, వీర్యంలో ఉంది. విడిగా ఉంచారు. అది సరైన పనే. కానీ అతను జబ్బు మోసుకొచ్చిన నేరస్తుడు కాదు, జబ్బును జయించిన బిడ్డ. మన జిల్లా నుంచి పనికోసం దూరదేశాలు పోయే పిల్లలు ఎంతమంది లేరు!

ఎబోలా అక్కర్లేదు, ఎలుకల మూత్రం కలిసిన నీటివల్ల వచ్చే ఎలుక జ్వరం చాలు. 1993లో మదురైలో వరదలొచ్చాయి. మరుసటేడు ఎలుక జ్వరం వల్ల కళ్లు వాచినవాళ్లు అక్కడి కంటి ఆసుపత్రికి వరస కట్టారు. మనకూ వరి మళ్లున్నాయి, తుపాన్లున్నాయి. చికున్‌గున్యా, క్షయ కూడా కంటిమీదికి రావచ్చు. రుషికుల్య అవతలి నుంచి ఒక అక్క వచ్చింది. మూడు వారాలు చనుబాలు పోసుకుంది, ఆపైన మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కలు. నా దగ్గరికి వచ్చేసరికి కంటిపాప గుండ్రంగా లేదు, అంచులు అతుక్కుని రావి ఆకులా ఉంది. ఇంకో పదిహేను రోజుల ముందు వచ్చుంటే అని ఇప్పటికీ బాధపడతాను. ఆ చుక్కల్లో స్టెరాయిడ్, అంటే వాపును అణిచే మందు, ఉంటుంది. యువియైటిస్‌కు మేమూ అదే ఇస్తాం, కానీ చూసి ఇస్తాం. వడ్ల ఊక పడి నల్లగుడ్డు మీద పుండైన కంట్లో అదే చుక్క వేస్తే గుడ్డే పోవచ్చు.

జ్వరం వచ్చిపోయిన ఆరు నెలల్లో కన్ను ఎర్రబడితే, వెలుతురు గుచ్చుకుంటే, డాక్టరుతో మొదట ఆ జ్వరం సంగతి చెప్పండి. ఆయన అడగకపోయినా చెప్పండి. ల్యాంపు తెచ్చాను, పక్క గదిలో ఉంది. గోపాలపురం వాళ్లు ముందు రండి, మీకు బస్సు టైమవుతోంది.