సెమినార్‌లో మధ్యలో ఆపి ప్రశ్న అడిగారంటే పరువు తీసినట్టు కాదు

పోయిన వారం మా పెద్దమ్మ ఫోన్ చేసింది, గొంతులో ఏడుపు. "ఒరేయ్, మనవాడు అక్కడ యూనివర్సిటీలో ఏదో సెమినార్ ఇస్తుంటే మూడో స్లైడ్‌లోనే ఆపేశారట్రా, గంటన్నర సేపు నోరెత్తనివ్వకుండా ప్రశ్నలేనట, వాడు అన్నం కూడా తినలేదు" అంది. తమ్ముడు చేసేది ఎకనామిక్స్ పీహెచ్‌డీ. ఇదే మాట ఏడాదికి నలుగురైదుగురి నోట వింటున్నాను, అందుకే ఈ వీడియో.

మనం పెరిగిన చోట సెమినార్ అంటే బ్యానర్, బొకే, శాలువా, ముఖ్య అతిథి ప్రసంగం, చివర్లో రెండు ప్రశ్నలు, వందన సమర్పణ, భోజనాలు. రీసెర్చ్ సెమినార్‌కీ దీనికీ పేరు ఒక్కటే, పని వేరు. ఆ పని ఏంటో చెప్పడానికి నాకు ఇష్టమైన ఉదాహరణ ఒకటుంది.

[రెండు గుడ్డ సంచులు టేబుల్ మీద పెడుతూ]

చూడండి. ఈ సంచిలో నూటికి 70 ఎర్ర బిళ్ళలు, 30 తెల్లవి. ఆ సంచిలో తిరగేసి, 30 ఎర్రవి, 70 తెల్లవి. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. కళ్ళు మూసుకుని ఒకటి తీసుకున్నాను. చెయ్యి పెట్టి ఒక బిళ్ళ తీస్తాను, రంగు చూసి మళ్ళీ లోపల వేసి బాగా కలుపుతాను. ఇలా 12 సార్లు తీస్తే 8 సార్లు ఎరుపు, 4 సార్లు తెలుపు వచ్చిందనుకోండి. నా చేతిలో ఉన్నది ఎర్రవి ఎక్కువున్న సంచే అని మీకు నూటికి ఎంత నమ్మకం? వీడియో ఆపి ఒక అంకె అనుకోండి.

చాలామంది 70 అనో 80 అనో అంటారు. సరైన జవాబు 97. ఎరుపు తెలుపు కంటే నాలుగుసార్లు ఎక్కువ వచ్చింది కదా, అలా ఎక్కువ వచ్చిన ఒక్కో ఎరుపుకీ బలం ఏడు బై మూడు రెట్లు పెరుగుతుంది, నాలుగుసార్లు గుణిస్తే దాదాపు 30కి 1. అంతే లెక్క.

1960లలో మిషిగన్‌లో వార్డ్ ఎడ్వర్డ్స్ అనే సైకాలజిస్ట్ ల్యాబ్‌లో ఈ ప్రయోగాలు చేశారు. ఆయన తేల్చింది ఏంటంటే, సాక్ష్యం కనబడితే మనుషులు సరైన వైపే కదులుతారు గానీ కదలాల్సినంత కదలరు అని.

ఇప్పుడు 1969 వసంతానికి, జెరూసలెంలోని హీబ్రూ విశ్వవిద్యాలయానికి వెళ్దాం. అక్కడ సైకాలజీ చెప్పే డానియెల్ కానమన్ తన పీజీ సెమినార్‌కి ఇంకో సైకాలజిస్ట్ ఆమోస్ ట్వెర్‌స్కీని మాట్లాడమని పిలిచాడు. ట్వెర్‌స్కీ మిషిగన్‌లో ఎడ్వర్డ్స్ దగ్గర చదువుకున్నవాడు, వచ్చి ఈ సంచుల సంగతే చెప్పాడు. కానమన్ ఒప్పుకోలేదు. రోజూ మన కళ్ళ ముందు జనం ఒకటి రెండు సంగతులు చూసి టక్కున ఒక నిర్ణయానికి వచ్చేస్తుంటే, మనుషులు నెమ్మదిగా జాగ్రత్తగా కదులుతారని ఎలా అంటాం అన్నది అభ్యంతరం. చర్చ గట్టిగానే నడిచింది.

ఆ అభ్యంతరం నుంచే ఇద్దరూ కలిసి పనిచేయడం మొదలైంది. 1971లో వచ్చిన మొదటి పేపర్, స్టాటిస్టిక్స్ బాగా వచ్చిన పరిశోధకులు కూడా చిన్న శాంపిల్‌ని అతిగా నమ్మేస్తారని చూపించింది. ఎవరి పేరు ముందుండాలో నాణెం ఎగరేసి తేల్చుకున్నారు. లాభనష్టాలు ఖాయంగా తెలియనప్పుడు మనుషులు నిజంగా ఎలా ఎంచుకుంటారో చెప్పే వాళ్ళ ప్రాస్పెక్ట్ థియరీ 1979లో ఎకనామిక్స్ జర్నల్‌లోనే అచ్చయింది. 2002లో కానమన్‌కి ఎకనామిక్స్‌లో నోబెల్ వచ్చింది, ట్వెర్‌స్కీ 1996లోనే పోయాడు. ఇంత కథకీ మొదలు, సెమినార్‌కి పిలిచిన మనిషే వచ్చినవాడితో "నాకు నమ్మకం కుదరడం లేదు" అనడం.

[సంచి చేతిలోకి తీసుకుని]

ఇక అసలు విషయం. మీ పేపరే ఈ సంచి. లోపల ఏముందో మీకూ పూర్తిగా తెలియదు, అది మర్చిపోకండి. ఒక్కో ప్రశ్న సంచిలో ఒక్కో చెయ్యి. చేతులు పెట్టనివ్వకుండా నలభై స్లైడ్‌లు చదివేసి దిగిపోతే, సంచి మూతి కట్టేసి లోపలివన్నీ ఎర్రవే అని చెప్పినట్టు. ఎవరు నమ్మాలి?

షికాగో యూనివర్సిటీలో ఎకనామిస్ట్ మిల్టన్ ఫ్రీడ్‌మన్ నడిపిన వర్క్‌షాప్‌లో అసలు ప్రసంగమే ఉండేది కాదు. పేపర్ ముందే అందరూ చదివి రావాలి, రచయిత రెండు ముక్కలు చెప్పగానే మొదటి పేజీ మీద ఏమైనా ఉందా, రెండో పేజీ మీద ఏమైనా ఉందా అంటూ సాగేది. 1960లో రోనాల్డ్ కోస్ అనే ఎకనామిస్ట్ షికాగో వచ్చినప్పటి సంగతైతే నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు. రేడియో తరంగాల మీద ఆయన రాసిన పేపర్‌లో ఒక వాదన తప్పని అక్కడివాళ్ళు గట్టిగా నమ్మారు. ఆరన్ డైరెక్టర్ అనే అక్కడి ప్రొఫెసర్ ఇంట్లో రాత్రి భోజనాలకి కూర్చున్నారు. మొదట ఓటు పెడితే 20 మంది ఒకవైపు, కోస్ ఒక్కడు ఒకవైపు. రెండు గంటల వాదన తర్వాత 21 మందీ కోస్ వైపే. ఆ రాత్రి అక్కడే ఉన్న ఎకనామిస్ట్ జార్జ్ స్టిగ్లర్ తన ఆత్మకథలో రాసుకున్నాడు ఇది. ఇరవై మంది చేతులు పెట్టి చూశారు, ఎరుపే వచ్చింది, మనసు మార్చుకున్నారు. చేతులు పెట్టనివ్వకపోతే ఆ ఓటు మారేదా?

నా మొదటి సెమినార్‌లో 22 స్లైడ్‌లకి తొమ్మిదో దాని దగ్గరే టైమ్ అయిపోయింది. చెమటలు, టెన్షన్, ఎవరు ఏం అడిగారో ఒక్కటీ గుర్తులేదు. కానీ వెనక వరుసలో నా ఫ్రెండ్ ఒక నోట్‌బుక్ పట్టుకుని కూర్చుని ప్రతి ప్రశ్నా రాసింది. రాత్రి ఇద్దరం టీ పెట్టుకుని లెక్కేస్తే 31 ప్రశ్నలు, అందులో పదకొండు ఒకే టేబుల్ మీద. ఆ టేబుల్ తప్పు. జర్నల్‌కి పంపకముందే తెలిసింది.

అయితే అడిగే ప్రతిదీ బిళ్ళ తీయడం కాదు, ఇదీ చెప్పాలి. కొందరు సంచే లాక్కుంటారు. ఎకనామిక్స్ సెమినార్‌లని గమనించి లెక్కకట్టిన 2021 నాటి అధ్యయనంలో తేలిందేంటంటే, మాట్లాడేది మహిళ అయితే ప్రశ్నలు ఎక్కువ, చిన్నచూపుతోనో కోపంతోనో అడిగేవి కూడా ఎక్కువ. అది పరీక్షించడం కాదు, తప్పు. కొన్ని డిపార్ట్‌మెంట్‌లు మొదటి పది నిమిషాలు ప్రశ్నలు వద్దని నియమం పెట్టుకున్నాయి, నాకది నచ్చింది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. సైకాలజీలో ఎక్కువగా ప్రశ్నలు చివర్లోనే, అక్కడ ఎవరూ ఆపలేదని పొంగిపోకండి. బ్రౌన్ బ్యాగ్ అంటే లంచ్ తెచ్చుకుని తింటూ వినేది, సగం ఉడికిన ఆలోచన అక్కడే చెప్పండి. ఉద్యోగం కోసం ఇచ్చే సెమినార్, అంటే జాబ్ టాక్, వేరే వీడియో. అడిగేటప్పుడు "ఆరో స్లైడ్‌లో ఈ అంకె ఎక్కడిది" అన్నట్టు ఒకే చోట వేలు పెట్టండి. జవాబు తెలియకపోతే "అది చూడలేదండీ, చూస్తాను" అనండి, ఎవరూ ఏమీ అనుకోరు.

పెద్దమ్మా, ఈ వీడియో నువ్వు చూస్తావని తెలుసు. వాణ్ణి ముందు అన్నం తినమను. వచ్చేసారి వెనక వరుసలో నోట్‌బుక్‌తో ఒక ఫ్రెండ్‌ని కూర్చోబెట్టుకోమను.