ప్రీచెక్ ఉన్నా తప్పని క్యూ: ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీ మీద చర్చ

(డాలస్ స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: హెచ్-1బీ మీద పనిచేస్తూ క్లయింట్ల కోసం వారం వారం విమానం ఎక్కే ఐటీ కన్సల్టెంట్, తెలుగు కుటుంబాలకు టికెట్లు చేసిపెట్టే ట్రావెల్ ఏజెంట్, గుంటూరు జిల్లా నుంచి కూతురి దగ్గరికి వచ్చిన రిటైర్డ్ హైస్కూల్ మాస్టారు.)

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. అమెరికా ఎయిర్‌పోర్టుల్లో తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ టీఎస్‌ఏ. ముందే వివరాలు ఇచ్చి ఆమోదం పొందినవాళ్లను తక్కువ తనిఖీతో వేరే లేన్‌లో పంపే టీఎస్‌ఏ ప్రీచెక్‌ను 2011 అక్టోబరులో నాలుగు ఎయిర్‌పోర్టుల్లో ప్రయోగంగా మొదలుపెట్టారు. అందులో మన డాలస్-ఫోర్ట్‌వర్త్ ఒకటి. మిగతావి అట్లాంటా, డెట్రాయిట్, మయామి. అప్పట్లో కొద్దిమందికే ఉండేది. 2024 ఆగస్టు నాటికి సభ్యులు 2 కోట్లు దాటారు. డబ్బు కట్టాం, వేలిముద్రలు ఇచ్చాం, అయినా గంటల ముందే పరుగెత్తాల్సి వస్తోందని మనవాళ్లు అంటున్నారు. అన్నా, మీరు మొదలుపెట్టండి.

కన్సల్టెంట్: సోమవారం తెల్లవారుజామున ఏ పెద్ద ఎయిర్‌పోర్టుకైనా వెళ్లి చూడండి. ఆ టైమ్‌లో ఎక్కేవాళ్లలో ఎక్కువమంది నాలాంటివాళ్లే. భుజాన లాప్‌టాప్ బ్యాగు, బోర్డింగ్ పాస్ మీద ప్రీచెక్ గుర్తు. వాళ్లందరికీ తెరిచేది ఒకే లేన్. పక్కన మామూలు లైన్లో మనకంటే వెనక వచ్చినవాళ్లు మనకంటే ముందే బెల్ట్ దగ్గరికి చేరిపోతున్నారు. లోపలికి వెళ్లాక పని చకచకా అయిపోతుంది, ఆ మాట చెప్పాల్సిందే. లాప్‌టాప్ తీయక్కర్లేదు, బెల్టు విప్పక్కర్లేదు, లిక్విడ్స్ కవరు బయట పెట్టక్కర్లేదు. ఆలస్యమంతా ఐడీ చూసే చోటే. అక్కడ ఒక్కరు కూర్చుంటే వెనక ఎంతమంది సభ్యులుంటే ఏం లాభం?

వ్యాఖ్యాత: టీఎస్‌ఏ మాత్రం ప్రీచెక్‌లో 10 నిమిషాలు, మామూలు లైన్లో 30 నిమిషాలు మించకూడదన్న లక్ష్యం పెట్టుకుంది కదా.

కన్సల్టెంట్: పెట్టుకుంది, చాలా రోజులు నిలబెట్టుకుంటుంది కూడా. కానీ నాకు రోజంతా సగటు ఎందుకండీ? మధ్యాహ్నం రెండింటికి లైన్ ఖాళీగా ఉంటే తెల్లవారుజామున ఆరింటి ఫ్లైట్ నాకోసం ఆగదు. ఇంకోటి, కొన్నిచోట్ల రాత్రయ్యేసరికి ప్రీచెక్ లేన్ మూసేస్తారు. అప్పుడు మామూలు లైన్లోకి పంపి చేతికి ఒక కార్డు ఇస్తారు. అది చూపిస్తే కొన్ని మినహాయింపులు ఉంటాయి, కానీ లైన్ మాత్రం అదే లైన్.

ట్రావెల్ ఏజెంట్: లేన్ల సంగతి నిజమే అన్నా. కానీ నా దగ్గరికి వచ్చే గొడవల్లో చాలావరకు చెక్‌పాయింట్‌లో పుట్టినవి కావు, టికెట్ దగ్గర పుట్టినవి. "మేడమ్, నాకు ప్రీచెక్ ఉంది, బోర్డింగ్ పాస్ మీద రాలేదు" అని ఎయిర్‌పోర్ట్ నుంచే టెన్షన్‌గా ఫోన్ చేస్తారు. చూస్తే ప్రీచెక్ వచ్చినవాళ్లకు ఇచ్చే కేటీఎన్ నంబర్ బుకింగ్‌లో ఉండదు. లేదా పేరు తేడా. మన పేర్ల సంగతి మీకు తెలుసు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, అసలు పేరు రెండు మూడు ముక్కలుగా ఇంకో గడిలో ఉంటుంది. కొందరికి పేరంతా సర్‌నేమ్ గడిలోనే పడిపోయి, వీసా మీద ముందుపేరు చోట ఎఫ్‌ఎన్‌యూ, అంటే ముందుపేరు తెలియదు అని వస్తుంది. అప్లికేషన్‌లో ఒకలా, టికెట్ మీద ఇంకోలా ఉంటే సిస్టమ్ ఈ ఇద్దరూ ఒకరే అనుకోదు. పుట్టినతేదీతో సహా అక్షరం అక్షరం కలవాలి.

వ్యాఖ్యాత: ఆ టైమ్‌లో చేయగలిగింది ఏమైనా ఉందా?

ట్రావెల్ ఏజెంట్: చెక్-ఇన్ చేయకముందు అయితే సులువు. ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేసో, యాప్‌లోనో సరిచేయొచ్చు. చెక్-ఇన్ అయిపోతే సరిచేశాక బోర్డింగ్ పాస్ మళ్లీ తీసుకోవాలి. చెక్‌పాయింట్ దగ్గరున్న ఆఫీసర్‌తో వాదించి ఉపయోగం లేదు, గుర్తు లేని పాస్‌కు ఆ లేన్‌లోకి పంపే వీలు వాళ్లకు ఉండదు. ఇంకోమాట కూడా చెప్పాలి. అన్నీ సరిగ్గా ఉన్నా ప్రతిసారీ ప్రీచెక్ వస్తుందన్న హామీ లేదు. అప్పుడప్పుడు ఎవరినైనా మామూలు లైన్‌కు పంపే అధికారం టీఎస్‌ఏ తన దగ్గర ఉంచుకుంది. ఈ సంగతి తెలియక, తమ మీద ఏదో అనుమానం వచ్చిందని కుమిలిపోయినవాళ్లను చూశాను.

మాస్టారు: అమ్మా, మీరిద్దరూ ప్రీచెక్ ఉన్నవాళ్ల బాధ చెప్పారు. నేను లేనివాళ్ల బాధ చెబుతాను. మా అమ్మాయి సిటిజన్, అల్లుడికి గ్రీన్‌కార్డు. ఇద్దరికీ ప్రీచెక్. మనవరాలికి ఎనిమిదేళ్లు, తల్లిదండ్రులతో పాటు వెళ్లిపోతుంది. నేనూ మా ఆవిడా విజిటర్ వీసా మీద వచ్చాం. అందరం కలిసి బయల్దేరతాం, తీరా అక్కడికి వెళ్లాక మమ్మల్ని ఒకవైపు, వాళ్లను ఒకవైపు పంపుతారు.

వ్యాఖ్యాత: పన్నెండేళ్ల లోపు పిల్లలకు ప్రత్యేకంగా సభ్యత్వం అక్కర్లేదు. పెద్దవాళ్లకు అలాంటి వెసులుబాటు లేదు.

మాస్టారు: అదే నేను అడిగేది. చిన్నపిల్లను తల్లి నుంచి విడదీయకూడదని వాళ్లకు తట్టింది, చాలా మంచిది. భాష రాని ముసలివాళ్లను కూడా విడదీయకూడదని ఎందుకు తట్టలేదు? మా ఆవిడకు ఇంగ్లిష్ రాదు. మోకాలి చిప్ప మార్పించుకుంది. చీర కుచ్చిళ్ల దగ్గర మడతలు ఎక్కువ కాబట్టి ఆ నిలువు గాజు పెట్టెలాంటి స్కానర్‌లో చేతులెత్తి నిలబడగానే తెర మీద నడుము దగ్గర, మోకాలి దగ్గర పసుప్పచ్చ గళ్లు వెలుగుతాయి. అప్పుడు ఆఫీసరమ్మ వచ్చి ఏదో గడగడా చెబుతుంది. అరచేత్తో కాకుండా చెయ్యి వెనకవైపుతో తడుముతానని చెబుతోందని మా ఆవిడకు తెలియదు. నేను దగ్గరికి వెళ్లబోతే "స్టే బ్యాక్" అంటారు. చేతులకున్న గాజులు తీయాలా, మెడలో సూత్రాలు తీయాలా అని ఆమె బెదిరిపోయి నావైపు చూస్తుంది. అవతల కూతురు తన లైన్లో ఎప్పుడో దాటి, అద్దాల అవతల నిలబడి ఉంటుంది.

కన్సల్టెంట్: మాస్టారూ, మా అమ్మగారిదీ అచ్చంగా ఇదే అనుభవం. అందుకే అమ్మ వచ్చినప్పుడు నేను ప్రీచెక్ వదిలేసి మామూలు లైన్లో ఆమె వెనకే నిలబడతాను.

మాస్టారు: మా అమ్మాయి కూడా ఇప్పుడు అంతే చేస్తోంది. మరి అది కట్టిన డబ్బు దేనికి? తనిఖీ చేయొద్దని నేను అనడం లేదు బాబూ. మోకాలు చూడండి, సంచీ చూడండి. ఏం చేయబోతున్నారో మెల్లగా ఒక్కసారి చెప్పండి. మా ఆవిడ వయసు మనిషిని పదిమంది మధ్యలో తడమక్కర్లేకుండా చూడండి.

ట్రావెల్ ఏజెంట్: మాస్టారూ, ఇందులో కొన్ని అడిగితే ఇచ్చేవే. తడిమి చూసేది ఆడ ఆఫీసరే. పక్కన వేరే గదిలో చూడమని అడగొచ్చు, తోడుగా ఒకరిని రానివ్వమని కూడా అడగొచ్చు. సూత్రాలు తీయక్కర్లేదు. ప్రయాణానికి 72 గంటల ముందు టీఎస్‌ఏ కేర్స్ అనే హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి మోకాలి సంగతి, నడవలేని సంగతి చెబితే చెక్‌పాయింట్ దగ్గర సాయానికి మనిషిని చూస్తారు. మన కుటుంబాల్లో దాని పేరు విన్నవాళ్లే తక్కువ.

మాస్టారు: ఈ సంగతి ఏ గోడ మీదా నాకు కనపడలేదమ్మా.

ట్రావెల్ ఏజెంట్: కనపడదు. అక్కడి బోర్డులన్నీ ఏం తీసుకెళ్లకూడదో చెబుతాయి.

వ్యాఖ్యాత: మనవాళ్లు తెచ్చేవాటి మాట కూడా అడుగుతాను. ప్రీచెక్ ఉంటే పచ్చడి సీసా వెళ్తుందా?

ట్రావెల్ ఏజెంట్: వెళ్లదు. ఆవకాయ కూడా వాళ్ల లెక్కలో జెల్ కిందే వస్తుంది. చేతిసంచీలో 100 మిల్లీలీటర్లు దాటకూడదు, ప్రీచెక్ ఉన్నా లేకపోయినా. పొడులు 350 మిల్లీలీటర్లు దాటితే విడిగా ట్రేలో పెట్టమంటారు. కందిపొడి, కారప్పొడి, పసుపు అన్నీ అందులోకే వస్తాయి. చెక్-ఇన్ బ్యాగులో వేసేయండి.

వ్యాఖ్యాత: అసలు విషయానికి వద్దాం. మెయిన్ లైన్‌ను బాగుచేయకుండా పక్కన డబ్బుల లైన్ పెట్టడం సరైనదేనా?

ట్రావెల్ ఏజెంట్: నేను ప్రీచెక్ పక్షమే. వేలిముద్రలు ఇచ్చి, నేర చరిత్ర లేదని తేలిన మనిషిని తక్కువగా తనిఖీ చేసి, ఆ సమయాన్ని తెలియని మనిషి మీద పెట్టడంలో తర్కం ఉంది. అందరినీ ఒకేలా చూస్తే ఎవరినీ సరిగ్గా చూడలేరు. ఐదేళ్లకు 80 డాలర్లు అటూ ఇటూ, అంటే ఏడాదికి 16. తరచూ తిరిగేవాళ్లకు అది పెద్ద భారం కాదు.

కన్సల్టెంట్: తర్కం నేనూ ఒప్పుకుంటాను. ఆచరణలో వాళ్లే దాన్ని చెడగొట్టారు. మొదట్లో ప్రీచెక్ లేన్లు ఖాళీగా ఉంటున్నాయని, అసలు అప్లై చేయనివాళ్లను కూడా అందులోకి పంపారు. మేనేజ్డ్ ఇంక్లూజన్ అనేవాళ్లు. తనిఖీ అయిన మనిషికి వేరే లేన్ అని చెప్పి, తనిఖీ కానివాళ్లతో నింపితే ఆ తర్కం ఎక్కడ మిగిలింది? విమర్శలు వచ్చాక 2015లో ఆపేశారు. ఆ ఏడాదే రహస్య పరీక్షల ఫలితం కూడా బయటికొచ్చింది. తనిఖీలు దాటించి నకిలీ బాంబులు, ఆయుధాలు 70 సార్లు తీసుకెళ్లబోతే 67 సార్లు పట్టుకోలేకపోయారు.

మాస్టారు: మరి మా ఆవిడ మోకాలు మాత్రం ప్రతిసారీ దొరుకుతోంది.

కన్సల్టెంట్: నన్ను మరీ ఆలోచనలో పడేసింది బూట్ల సంగతి మాస్టారూ. 2001 డిసెంబరులో ఒకడు బూట్లో పేలుడు పదార్థం పెట్టుకుని ప్యారిస్-మయామి విమానం ఎక్కాడు. 2006 నుంచి అందరి చేతా బూట్లు విప్పించారు. ప్రీచెక్ వచ్చాక అందులో పెద్ద ఆకర్షణ బూట్లు విప్పక్కర్లేకపోవడమే. 2025 జులై 8న ఆ నియమాన్ని అందరికీ ఎత్తేశారు. యంత్రాలు మెరుగుపడ్డాయన్నారు. సంతోషం. సంచీ లోపలిని అన్నివైపులా చూపించే కొత్త సీటీ స్కానర్లు ఉన్న లేన్లలో లాప్‌టాప్ కూడా బ్యాగులోనే ఉంచొచ్చు. అంటే మామూలు మనిషిని కూడా గౌరవంగా, త్వరగా పంపే దారి యంత్రంలో ఉంది. ఆ యంత్రాలు అన్ని లేన్లకూ రావాలి. మనం అడగాల్సింది దాని గురించి.

ట్రావెల్ ఏజెంట్: యంత్రం ఒక్కటే చాలదు, మనిషి కావాలి. 2025లో ప్రభుత్వం 43 రోజులు మూతపడినప్పుడు జీతాలు లేక ఆఫీసర్లు సెలవు పెడితే లేన్లు మూసేశారు కదా. అప్పుడు మాత్రం ఏ కార్డు ఎంతవరకు ఆదుకుంది? ఆ ఉద్యోగులను కూడా మనం అర్థం చేసుకోవాలి.

వ్యాఖ్యాత: డబ్బు కడితే లైన్ ముందుకు తీసుకెళ్లే క్లియర్ అనే సర్వీసు ఉంది కదా, దాని సంగతి?

కన్సల్టెంట్: అది ప్రైవేటు కంపెనీ, ప్రభుత్వానిది కాదు. 2025 నాటికి ఏడాదికి 209 డాలర్లు. మొహమో కన్నో వేలో చూసి మీరు మీరేనని తేల్చి, వాళ్ల ఉద్యోగి మిమ్మల్ని లైన్ ముందుకు తీసుకెళ్తారు. ఆ తర్వాత తనిఖీ అందరికీ ఒకటే. అక్కడ లైన్ మధ్యలోకి ఒకరు వచ్చి నిలబడ్డప్పుడల్లా వెనక ఉన్న అందరూ ఒక అడుగు ఆగాలి. కాలిఫోర్నియాలో 2024లో దీన్ని వేరే లేన్‌కు మార్చాలని సెనేట్‌లో బిల్లు పెట్టారు, కమిటీ దాటలేదు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. నేర చరిత్ర లేదని చూసి తనిఖీ తగ్గించడం భద్రతకు సంబంధించిన నిర్ణయం. డబ్బు కట్టారని ముందు నిలబెట్టడానికి భద్రతతో సంబంధం లేదు. ప్రభుత్వ చెక్‌పాయింట్‌లో ఆ రెండోది ఉండకూడదు.

ట్రావెల్ ఏజెంట్: ఇందులో మీతో నేనూ ఏకీభవిస్తాను.

మాస్టారు: మా గన్నవరంలో డిజియాత్ర 2023లో వచ్చింది. మొహం చూసి గేటు తెరుచుకుంటుంది, డబ్బేమీ కట్టక్కర్లేదు. ఆ తర్వాత సీఐఎస్‌ఎఫ్ వాళ్ల తనిఖీ నాకూ, నా పక్కవాడికీ ఒకటే. మొహం అలా ఇచ్చేయడం మీద నాకు వేరే అనుమానాలున్నాయి, అది ఇంకో రోజు మాట్లాడుకుందాం.

వ్యాఖ్యాత: తప్పకుండా. మేడమ్, హెచ్-1బీ వాళ్లు ప్రీచెక్‌కు నేరుగా అప్లై చేయలేరు కదా. అన్నకు ఎలా వచ్చింది?

ట్రావెల్ ఏజెంట్: ప్రీచెక్ సిటిజన్లకూ గ్రీన్‌కార్డు వాళ్లకూ. భారతీయ పౌరులకు 2017 నుంచి గ్లోబల్ ఎంట్రీ దారి ఉంది, విదేశం నుంచి దిగినప్పుడు ఇమిగ్రేషన్ త్వరగా దాటించే పథకం అది. 2024 అక్టోబరు నుంచి ఫీజు 120 డాలర్లు, ఐదేళ్లకు. అందులో ప్రీచెక్ కలిసే ఉంటుంది. అయితే మనవాళ్లకు ఒక అదనపు మెట్టు ఉంది. పాస్‌పోర్ట్ సేవ ద్వారా ఇండియా వైపు వెరిఫికేషన్ కూడా జరగాలి. ఇది తెలియక అమెరికా వైపు అప్లికేషన్ పెట్టి నెలల తరబడి ఎదురుచూసేవాళ్లు చాలామంది. ముందు షరతులతో ఆమోదం వస్తుంది, ఆ తర్వాత ఇంటర్వ్యూ. విదేశం నుంచి దిగేటప్పుడే ఇమిగ్రేషన్ దగ్గర ఇంటర్వ్యూ పూర్తిచేసుకునే వీలు చాలా ఎయిర్‌పోర్టుల్లో ఉంది, స్లాట్ కోసం ఎదురుచూడక్కర్లేదు.

మాస్టారు: విజిటర్ వీసా వాళ్లం మేం కూడా పెట్టుకోవచ్చా అమ్మా?

ట్రావెల్ ఏజెంట్: భారతీయ పౌరులు కాబట్టి పెట్టుకోవచ్చు మాస్టారూ. ఆమోదించడం, మానడం వాళ్ల ఇష్టం, ఫీజు మాత్రం వెనక్కి రాదు. మళ్లీ మళ్లీ వచ్చేలా ఉంటేనే పెట్టండి. ఒకటి గుర్తుపెట్టుకోండి, ప్రీచెక్ లేన్లో ఎక్కువగా ఉండేది మెటల్ డిటెక్టర్. అమ్మగారి మోకాలికి అది మోగుతుంది. ముందే చెప్పి స్కానర్‌లో చూడమని అడగాలి.

మాస్టారు: పేరు దగ్గర ఏమైనా చిక్కొస్తుందా? ఆవిడ పాస్‌పోర్టులో ఇంటిపేరు నాదే, వీసాలో మాత్రం ఎఫ్‌ఎన్‌యూ అని పడింది.

ట్రావెల్ ఏజెంట్: అయితే ముందు దాన్నే తేల్చుకోవాలి. అప్లికేషన్ పెట్టకండి ఇప్పుడే. ఇద్దరి పాస్‌పోర్టులూ వీసా పేజీలూ తీసుకుని ఆఫీసుకు రండి, టికెట్ల మీద పేర్లు ఎలా వచ్చాయో పక్కపక్కన పెట్టి చూద్దాం.