నీళ్లు దిగిపోయాక: పాలమూరు కాలనీల్లో వరద నష్టం ఎవరి లెక్కలోకి వస్తుంది?

[దృశ్యం: బురద పట్టిన గల్లీ. ఇంటి గోడ మీద మోకాలి ఎత్తున నీటి మరక.]

వ్యాఖ్యానం: గోడ మీద ఈ మరక చూడండి. రాత్రి నీళ్లు ఇక్కడిదాకా వచ్చాయి, మర్నాడు సాయంత్రానికి దిగిపోయాయి. కెమెరాలు కూడా వెళ్లిపోయాయి. తడిసిన బియ్యం, ఉబ్బిపోయిన మంచం చెక్క, ఆగిపోయిన కుట్టు మిషన్ మాత్రం ఇంట్లోనే ఉన్నాయి. ఈ నష్టాన్ని ప్రభుత్వం ఎలా లెక్కగడుతుంది, ఎవరు ఆ లెక్కలోకి రాకుండా పోతున్నారు? ఈ వీడియోలో ముఖ్యంగా మాట్లాడేది దాని గురించే.

[దృశ్యం: మహబూబ్‌నగర్ పెద్ద చెరువు కట్ట, చుట్టూ ఇళ్లు.]

వ్యాఖ్యానం: ముందు ఒక ప్రశ్న. కరువుకు, వలసలకు పేరుపడ్డ పాలమూరులో, అంటే మన మహబూబ్‌నగర్‌లో వరదేంటి? కారణం మన నేలలోనే ఉంది. ఇక్కడ చాలాచోట్ల పైన పలుచటి ఎర్రమట్టి, కింద రాయి. గట్టి వాన పడితే నేలలోకి ఇంకేది తక్కువ, పైన పారేది ఎక్కువ. అందుకే పెద్దలు గొలుసుకట్టు చెరువులు కట్టారు. పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు వాగులో పడి కింది చెరువుకు పోవాలి. ఇప్పుడా దారుల్లో ప్లాట్లు, ఇళ్లు, సీసీ రోడ్లు వచ్చాయి. పెద్ద వాన పడ్డప్పుడల్లా రామయ్యబౌలి, శివశక్తినగర్, బీకేరెడ్డి కాలనీ పేర్లే వార్తల్లో వినపడుతున్నాయంటే, ఆకాశం ఆ కాలనీల మీద పగబట్టిందని కాదు కదా.

[తెర మీద: 100 మిల్లీమీటర్ల వాన, ఒక చదరపు కిలోమీటరు = 10 కోట్ల లీటర్లు]

వ్యాఖ్యానం: ఒక చదరపు కిలోమీటరు మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 10 కోట్ల లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లతో మోస్తే 20,000 ట్యాంకర్లు. అంత నీటిని రెండడుగుల మోరీలో పొమ్మంటే ఎట్లా పోతుంది?

అందుకే మన ఊళ్లలో నీళ్లు చాలా వేగంగా వస్తాయి. 2022 జులైలో మాచన్‌పల్లి, కోడూరు మధ్య రైల్వే వంతెన కింద స్కూల్ బస్సు నీళ్లలో చిక్కుకుంటే, పిల్లల్ని స్థానికులే బయటికి తీశారు. వచ్చినంత వేగంగానే ఆ నీళ్లు పోతాయి కూడా. సాయం దగ్గర చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

[దృశ్యం: ఎండలో ఆరేసిన పరుపులు, పుస్తకాలు.]

వ్యాఖ్యానం: విపత్తు సాయానికి కేంద్రం నిబంధనలున్నాయి. 2022 నుంచి 2026 దాకా వర్తించేలా ఇచ్చిన వాటిలో, బట్టలు పోయిన కుటుంబానికి 2,500 రూపాయలు, వంటసామాన్లకూ ఇంటి సామాన్లకూ మరో 2,500 ఉన్నాయి. అయితే ఇల్లు కొట్టుకుపోయి ఉండాలి, లేదా పూర్తిగా కూలి ఉండాలి, లేదంటే రెండు రోజులకు మించి తీవ్రంగా నీట మునిగి ఉండాలి.

రెండు రోజులు! ఈ షరతు నది వరదకు సరిపోతుంది. 2009 అక్టోబరులో కృష్ణ, తుంగభద్ర పొంగినప్పుడు అలంపూర్, రాజోలి ఎట్లా మునిగాయో ఉమ్మడి పాలమూరు వాళ్లకు చెప్పనక్కర్లేదు. కానీ పట్టణంలో నాలా పొంగి ఇంట్లోకి వచ్చిన నీళ్లు ఇరవై గంటల్లో దిగిపోతాయి. ఫ్రిజ్ మోటారు పాడవడానికి రెండు రోజులు అక్కర్లేదు. బియ్యం సంచికి ఒక్క గంట చాలు. పిల్లల సర్టిఫికెట్లకు పది నిమిషాలు చాలు. అయినా కాగితం మీద ఆ కుటుంబం వరద బాధిత కుటుంబం కాకుండా పోతుంది. ఇది న్యాయం కాదు. నీళ్లు ఎంతసేపు నిలిచాయన్నది కాకుండా, ఇంట్లో ఏం పోయిందన్నది చూడాలి.

చెయ్యాలనుకుంటే దారి ఉంది. 2020 అక్టోబరు వరదల తర్వాత హైదరాబాద్‌లో నీళ్లొచ్చిన ఇళ్లకు రాష్ట్ర ప్రభుత్వం 10,000 రూపాయల చొప్పున ఇచ్చింది. రాజధానికి వర్తించిన మనసు జిల్లా కేంద్రానికి ఎందుకు వర్తించకూడదు?

[దృశ్యం: కిరాయి గది. గడప దగ్గర బురద ఎత్తిపోస్తున్న ఒకామె.]

వ్యాఖ్యానం: ఇంకా వెనకబడేది కిరాయికి ఉండేవాళ్లు. నీళ్లొచ్చే కాలనీల్లో కిరాయి తక్కువ, అందులోనూ కింది గదులకు ఇంకా తక్కువ. కూలీలు, ఆటో నడిపేవాళ్లు, ఊళ్ల నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లలు అక్కడే ఉంటారు. అవే 2022-26 నిబంధనల్లో పక్కా ఇల్లు కనీసం 15 శాతం దెబ్బతింటే ఇచ్చే 6,500 రూపాయలు ఇంటికి సంబంధించినవి, అవి యజమానికి పోతాయి. గోడ యజమానిది, గోడ లోపల నానిపోయిన బతుకు కిరాయివాళ్లది. అందుకే సర్వేకు వచ్చినవాళ్లు ఇంటి నంబరు రాసుకుని వెళ్లిపోతుంటే ఆపండి. ఆ ఇంట్లో ఎన్ని కుటుంబాలున్నాయో, ఎవరి సామాన్లు పోయాయో విడిగా రాయించండి.

బురద కడగాలని ఎవరికైనా తొందరే ఉంటుంది. అయినా ఒక్క పావుగంట ఆగండి. నీటి మరక, ఇంటి నంబరు ఒకే ఫొటోలో పడేలా తియ్యండి. పాడైన ప్రతి వస్తువునూ తియ్యండి. గల్లీలో పదిళ్లవాళ్లు కలిసి తహసీల్దారుకు రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి. ఒక్కరే వెళ్లి నోటితో చెప్పి వస్తే దానికి సాక్ష్యం ఉండదు.

[దృశ్యం: మీటర్ బోర్డు, తర్వాత మూత తీసిన సంపు.]

వ్యాఖ్యానం: ఇంట్లో అడుగుపెట్టే ముందు కరెంటు సంగతి చూడాలి. ప్లగ్గులదాకా నీళ్లొచ్చి ఉంటే మెయిన్ ముట్టుకోవద్దు. లైన్‌మన్‌తో సప్లై తీయించి, గోడలు ఆరాక ఎలక్ట్రీషియన్ చూసి సరేనన్నాకే వేసుకోవాలి. తడి కాళ్లతో స్విచ్ వేసి పోయిన ప్రాణాలు చాలా ఉన్నాయి, అమ్మలారా, అన్నలారా, దయచేసి తొందరపడకండి.

సంపులోకి చేరింది వాన నీళ్లు ఒక్కటే కాదు, మోరీ నీళ్లు, సెప్టిక్ ట్యాంకు నీళ్లు కూడా. మొత్తం తోడేసి, గోడలు బ్రష్‌తో రుద్ది కడిగి మళ్లీ నింపుకోండి. 1,000 లీటర్లకు సుమారు 2.5 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్ కలిపి కనీసం అరగంట ఆగాలి. తాగే నీళ్లు మాత్రం మరిగించాల్సిందే. బురద ఎత్తేటప్పుడు బూట్లు వేసుకోండి. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది, కాళ్ల మీది చిన్న పుండు చాలు. రెండు మూడు వారాల తర్వాత జ్వరం వచ్చినా, వరద నీళ్లలో తిరిగానని డాక్టరుకు చెప్పండి. ఆ ఒక్క మాటతో ఏ పరీక్ష చెయ్యాలో వాళ్లకు తెలుస్తుంది. డబ్బాల్లో, టైర్లలో నిలిచిన నీళ్లు వారానికోసారి పారబోస్తే డెంగీ దోమ పెరగదు.

బండి మునిగితే స్టార్ట్ చెయ్యకుండా మెకానిక్ దగ్గరికి తోసుకుపోండి. థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఉంటే వరద నష్టం రాదు.

[దృశ్యం: కాలనీ అంచున ఇళ్ల మధ్య ఇరుకైన నాలా.]

వ్యాఖ్యానం: మరి వచ్చే వానాకాలం? నిబంధన ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు ఖాళీ వదలాలి. 10 మీటర్లకు మించి వెడల్పున్న వాగుకూ నాలాకూ 9 మీటర్లు. ఇళ్లు కట్టుకున్న పేదల మీదికి ముందు బుల్‌డోజర్ పంపమని నేను అనను. కాయకష్టం చేసి రిజిస్ట్రేషన్ చేయించుకున్నవాళ్లు వాళ్లు. లేఅవుటుకు అనుమతి ఎవరిచ్చారు, ఎవరు అమ్ముకున్నారు అని ముందు అడగాలి. ఖాళీ చేయించక తప్పకపోతే అదే పట్టణంలో, పనికి దగ్గర్లో ఇల్లు చూపించాకే చెయ్యాలి.

ప్లాటు కొనబోతున్నారా? పాత పహాణీలో ఆ సర్వే నంబరు శిఖం, అంటే చెరువు భూమి అని ఉందేమో చూడండి. గ్రామ నక్షాలో వాగు గీత ఎటు పోయిందో చూడండి. వీలైతే గట్టి వాన పడ్డ మర్నాడు ఆ స్థలానికి వెళ్లి, పక్కింటివాళ్లను నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని అడగండి. బయానా ఆ తర్వాతే ఇవ్వండి.