మీది కాని కీని వదిలేయండి

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు పేరుపేరునా చెప్పాలి గానీ, నాకిచ్చింది ఇరవై నిమిషాలు. అందుకని అందరికీ కలిపి ఒక్కటే నమస్కారం.

అంశం డెస్క్‌టాప్ ప్రోగ్రాముల్లో కీబోర్డ్ ఈవెంట్లు, అంటే కీ నొక్కినప్పుడల్లా ప్రోగ్రాంకు అందే కబుర్లు. నేను రోజూ పనిచేసేది డబ్ల్యూఎక్స్ పైథాన్‌లో, అంటే పైథాన్ భాషలో పెట్టెలు, బటన్లు ఉన్న ప్రోగ్రాములు రాసే టూల్‌కిట్‌లో, కాబట్టి ఉదాహరణలన్నీ అక్కడివే. క్యూటీ, జీటీకే లాంటి వేరే టూల్‌కిట్లలో పేర్లు మారతాయి గానీ ఇబ్బంది ఒకటే.

ముందుగా, కీ వేరు, అక్షరం వేరు. ఇంగ్లిష్ ‘ఎ’ అని రాసి ఉన్న మీట నొక్కితే మొదట కీ డౌన్ అనే ఈవెంట్ వస్తుంది, ఆ తర్వాత చార్, వేలు తీశాక కీ అప్. షిఫ్ట్ పట్టుకోకపోయినా కీ డౌన్‌లో కనిపించే కోడ్ 65, అంటే పెద్ద ‘ఎ’. చార్‌లో మాత్రం 97, చిన్న ‘ఎ’. ఏ మీట కిందికి దిగిందో కీ డౌన్ చెబుతుంది, దాంతో ఏ అక్షరం వచ్చిందో చార్ చెబుతుంది. కొత్తవాళ్లు కీ డౌన్‌లోనే కోడ్ పట్టుకుని అక్షరంగా మార్చేస్తుంటారు. ఇంగ్లిష్ కొట్టినంతసేపూ అంతా బాగానే ఉంటుంది. మరి ‘క్ష’ కొడితే? తెర మీద ఒక్క అక్షరమే, లోపల క, పొల్లు, ష అని మూడు కోడ్లు. ఇలాంటి భాషలు కొట్టడానికి కీలను అక్షరాలుగా కూర్చే ప్రోగ్రాంను ఇన్‌పుట్ మెథడ్ అంటారు. అది ఒక కీని తీసుకుంటే కీ డౌన్‌కు విండోస్ ఇచ్చే కోడ్ 229. ఆ కీ ఇన్‌పుట్ మెథడ్ చేతిలో ఉందన్న కబురే తప్ప అందులో అక్షరం ఉండదు. దయచేసి అక్షరాలను చార్‌లోనే తీసుకోండి.

ఇప్పుడు స్కిప్. నా బాధంతా ఇక్కడే ఉంది. ఈవెంట్ వచ్చినప్పుడు నడవాలని మనం రాసే ఫంక్షనే హ్యాండ్లర్. అందులో స్కిప్ అని పిలిస్తే, నేను చూశాను, మిగతా పని కానివ్వండి అని టూల్‌కిట్‌కు చెప్పినట్టు. కీ డౌన్‌లో అది పిలవకపోతే ఆ కీకి చార్ రానే రాదు. ఎఫ్2 కోసం హ్యాండ్లర్ రాసి, మిగతా కీలకు స్కిప్ మర్చిపోతే పెట్టెలో ఒక్క అక్షరం పడదు. ఆ తప్పు నిమిషంలో బయటపడుతుంది, ఎవరైనా దిద్దుకుంటారు. కంటికి కనిపించని తప్పులంటేనే నాకు భయం.

కీ నొక్కి పట్టుకుంటే వచ్చే రిపీట్ల మీద నాలుగు స్లైడ్లు తెచ్చాను. అవి పక్కన పెడుతున్నాను. ఈ సంగతి చెప్పకుండా దిగిపోతే నాకు మనసొప్పదు.

కొన్నేళ్ల కిందట దరఖాస్తులు ఎక్కించే ప్రోగ్రాం ఒకటి రాశాం. అందులో రిమార్క్స్ అని పెద్ద పెట్టె. మామూలుగా ట్యాబ్ తర్వాతి పెట్టెకు, షిఫ్ట్ ట్యాబ్ వెనకటి పెట్టెకు తీసుకెళ్తాయి. ఇందులో మాత్రం ట్యాబ్ కొడితే నాలుగు స్పేసులు పడాలని అడిగారు. ట్యాబ్ ఆ పెట్టెకే వచ్చేలా ఫ్లాగ్ అనే సెట్టింగ్ పెట్టి, కీ డౌన్‌లో పట్టుకుని స్పేసులు వేశాను. స్కిప్ పిలవలేదు. షిఫ్ట్ పట్టుకున్నారా లేదా అని కూడా చూడలేదు. ఆరుగురం టెస్ట్ చేశాం, ఆరుగురి చేతిలోనూ మౌస్ ఉంది.

రెండు వారాలకు ఫోన్ వచ్చింది. “సార్, రిమార్క్స్‌లోకి వెళ్తున్నాను, బయటికి రాలేకపోతున్నాను.” ఏముందండీ, సేవ్ నొక్కండి అన్నాను. “అక్కడిదాకా ఎలా వెళ్లాలి సార్?” అన్నారాయన. ఆయనకు చూపు లేదు. తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ పెట్టుకుని పనిచేస్తారు.

మర్నాడు వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. ట్యాబ్ నొక్కి, తల కొంచెం వంచి, తర్వాతి పెట్టె పేరు వినపడుతుందని ఆగారు. ఏమీ లేదు. తెర మీద కర్సర్ నాలుగు గళ్లు జరిగింది, అంతే. షిఫ్ట్ ట్యాబ్ నొక్కారు. మళ్లీ నాలుగు గళ్లు, అదీ ముందుకే. అప్పుడు పక్క టేబుల్ అమ్మాయిని పిలిచారు. ఆమె లేచి వచ్చి సేవ్ మీద క్లిక్ చేసి వెళ్లింది. “రోజుకు నలభై ఫారాలు సార్. నలభైసార్లు ఆ అమ్మాయిని లేపాలి” అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. అందుకే నాకు ఇప్పటికీ గుర్తుంది.

దీన్ని కీబోర్డ్ ట్రాప్ అంటారు. వెబ్ పేజీలు అందరూ వాడగలిగేలా ఉండాలని రాసిన నియమాలు డబ్ల్యూసీఏజీ. 2008లో వచ్చిన దాని 2.0 వెర్షన్‌లో 2.1.2 నియమం ఇలాంటి ట్రాప్ ఉండకూడదన్నదే, అది కూడా ఎ స్థాయిలో, అంటే కనీసం ఉండి తీరాల్సినవాటిలో. ఆ నియమాలు వెబ్ కోసం రాసినవే. డెస్క్‌టాప్ పెట్టెలో చిక్కుకున్న మనిషికి తేడా ఏముంటుంది చెప్పండి?

వెనక వరుసలో ల్యాప్‌టాప్‌లు తెరిచినవాళ్లు నా స్లైడ్లు చూడక్కర్లేదు. మౌస్ పక్కన పెట్టండి, టచ్‌ప్యాడ్ కూడా ముట్టుకోకండి. మీరు రాసిన ప్రోగ్రామే తెరిచి, మొదటి పెట్టె నుంచి సేవ్ దాకా ట్యాబ్‌తో వెళ్లండి, షిఫ్ట్ ట్యాబ్‌తో వెనక్కి రండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ మీ హ్యాండ్లర్ తెరిచి చూడండి. నేను మాట్లాడుతుంటే చేసినా ఏమీ అనుకోను.

మేం ఆ ఫ్లాగ్ తీసేశాం, హ్యాండ్లరూ తీసేశాం, స్పేసులకు మెనూలో ఒక ఐటం పెట్టాం. కొత్త వెర్షన్ వెళ్లిన రోజే ఆయన ఫోన్ చేశారు. “సేవ్ దాకా నేనే వెళ్లాను సార్” అన్నారు. కాసేపాగి, “తేదీ దగ్గర క్యాలెండర్ తెరుచుకుంటుంది కదా, ఎస్కేప్ నొక్కితే అది మూసుకోవడం లేదు. వీలైతే అది కూడా చూడండి” అన్నారు.